తీరిక వేళ: పట్టికలో ప్రథములు, ఫలకంపై ఒక చుక్క

ఈ శీర్షికలో చదరంగం, క్యారమ్సు, వాలీబాలు వంటి మనకు తెలిసిన ఆటలను గూర్చి ముచ్చటించుకోవడం ఆనవాయితీ. ఈ పర్యాయం మాత్రం మన ద్వీపాలలో మైదానం లేని ఒక ఆటను గూర్చి, అందులోనూ మానవమాత్రుడెవ్వడూ బంతి విసరని, బ్యాటు పట్టని ఒక లీగును గూర్చి వ్రాయవలసి వచ్చినది. దీనికి కారణం మా విభాగంలో పని చేసి వచ్చే నెలలో పదవీ విరమణ చేయనున్న ఒక మిత్రులు. శ్రీకాకుళం జిల్లా నుండి ఉద్యోగార్థం ఓడ ఎక్కి వచ్చి, నేటికీ పలువురు పాత పేరుతో పోర్ట్ బ్లెయిర్ అనే పిలిచే ఈ శ్రీ విజయపురంలో సర్వీసు అంతా గడిపినవారు. వారికి జ్ఞాపికగా ఒక కొయ్య ఫలకం బహూకరించాలని విశ్రాంతి మందిరం కమిటీ తీర్మానించి, దానిపై వ్రాయవలసిన వాక్యాలను కూర్చే పని మాకు అప్పగించినది. నాలుగు పంక్తులే గదా అని ఒప్పుకున్నాము. ఆ నాలుగు పంక్తులు వ్రాయడానికి మాకు నెల రోజులు పట్టినది. ఎందుకు పట్టినదో చెప్పడమే ఈ వ్యాసం.

మిత్రులు కంప్యూటరుపై ఆడే బేస్‌బాల్ లీగులో పదిహేను సంవత్సరాలుగా ఒక జట్టును నడుపుతున్నారు. అమెరికాలో స్థిరపడిన మేనల్లుడు 2010లో వారిని ఇందులో చేర్పించాడు. బేస్‌బాల్ మన క్రికెట్టుకు దూరపు బంధువు. పక్షానికి తొమ్మిదిమంది, ఆటకు తొమ్మిది ఇన్నింగ్సులు, ఇన్నింగ్సుకు ముగ్గురు అవుటైతే అవతలి పక్షం వంతు. బంతి విసిరేవాడిని పిచ్చరు అంటారు. వాడి భుజం మీదనే సగం ఆట ఆధారపడి ఉంటుంది. అంత బలంగా విసిరినవాడికి ఆ పైన నాలుగు రోజులు విశ్రాంతి కావలెను. అందుచేత ప్రతి జట్టూ ఐదుగురు పిచ్చర్లను వంతుల వారీగా తిప్పుతుంది. ఈ ఒక్క విషయం పాఠకులు గుర్తుంచుకుంటే చాలును. ముందు ముందు అవసరపడుతుంది.

ఆటగాళ్లు లేకుండా ఆట ఎట్లా అని సందేహం కలుగవచ్చును. మనలో పుస్తకం క్రికెట్టు ఆడని బాలుడు ఉన్నాడా? సాంఘికశాస్త్రం పుస్తకం చటుక్కున తెరచి, ఎడమ పుట సంఖ్యలోని చివరి అంకెను పరుగులుగా లెక్కించి, సున్న వస్తే అవుట్ అనుకొని, నోటుపుస్తకం వెనుక పుటలో భారత్, వెస్టిండీస్ జట్ల స్కోర్లు వ్రాసుకున్నవారమే గదా! పుస్తకానికి ఆటగాడి గుణగణాలు తెలియవు. గవాస్కరుకూ చంద్రశేఖరుకూ అది ఒకే విధంగా తెరుచుకుంటుంది. ఆ లోపాన్ని సవరిస్తే అనుకరణ క్రీడ పుడుతుంది. ఆటగాడు వాస్తవంగా నూరు పర్యాయాలలో ఎన్నిసార్లు కొట్టగలిగాడో లెక్కించి, ఆ పాళ్లలోనే పాచికలు అతనికి అనుకూలించేటట్లు ఒక చీటీ తయారు చేయడమే ఇందులోని రహస్యం.

ఈ విద్యలో అమెరికావారు ఆరితేరినవారు. 1951లో డిక్ సైట్జ్ అనే ఆయన ఆప్‌బా అనే ఆటను, 1961లో హాల్ రిచ్‌మన్ అనే యువకుడు స్ట్రాట్-ఓ-మాటిక్ అనే ఆటను విక్రయానికి పెట్టారు. రెండింటిలోనూ చీటీలు, పాచికలే సాధనాలు. ప్రసిద్ధ రచయిత జాక్ కెరువాక్ బాల్యంలోనే స్వయంగా ఒక కల్పిత లీగును సృష్టించుకొని, జట్లకు కార్ల పేర్లు పెట్టి, పెద్దవాడైన తరువాత కూడా దానిని కొనసాగించాడు. ఆయన ఆ సంగతి బయటకు అంతగా చెప్పుకోలేదు. 1981లో నిజమైన ఆటగాళ్లు సమ్మె చేసినప్పుడు క్లీవ్‌లండ్ నగరంలోని ఖాళీ స్టేడియంలో బల్ల వేసుకొని పాచికలతో ఆల్‌స్టార్ ఆట ఆడించారు. 2020లో మహమ్మారి కారణంగా మార్చి చివర ఆరంభం కావలసిన సీజను జూలై 23 వరకు వాయిదా పడినప్పుడు, జరగని ఆటలను కంప్యూటరు జరిపించగా, అభిమానులు దినదినమూ ఆ ఫలితాలను చదువుకున్నారు.

మిత్రుల లీగు పద్ధతి సులభమైనది. ఒక్కొక్క సభ్యుడికి ఒక్కొక్క జట్టు. మిత్రులు తమ జట్టుకు మన ద్వీపాల రాష్ట్రపక్షి అయిన అడవి పావురం పేరు పెట్టుకున్నారు. ప్రతి సభ్యుడూ తన జట్టులో ఎవరు ఏ వరుసలో ఆడాలో, ఏ పిచ్చరు విసరాలో జాబితా పంపుతాడు. గడువు ముగియగానే లీగు కమిషనరు కంప్యూటరును నడిపి ఫలితాలను అందరికీ పంపుతాడు. జాబితా రాకపోతే కంప్యూటరు పాత జాబితానే తీసుకుంటుంది. గడువు అమెరికా తూర్పు తీరంలో రాత్రి 9 గంటలు. అంటే వేసవి కాలమానంలో మనకు మరునాటి ఉదయం 6.30. మన ద్వీపాలలో తెల్లవారుజాము తొందరగా వస్తుంది గనుక, మిత్రులు సూర్యోదయంతో పాటు లేచి జాబితా పంపి, తరువాత స్నానం చేసి ఆఫీసుకు వచ్చేవారు.

ఇందులో పందెం లేదు, పైసా లేదు. ఈ మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసినది. మిత్రులు ఆడినది ఆ కోవలోనిది కాదు. గెలిచినవానికి లభించేది లీగు చరిత్ర పుటలో ఒక పంక్తి మాత్రమే.

ఆ పంక్తి ఎవరికి దక్కవలెననేదే అసలు సమస్య. సీజను పొడవునా ఆడి పట్టికలో ప్రథమస్థానం పొందిన జట్టుకా? లేక చివర జరిగే ప్లేఆఫ్ పోటీలలో నెగ్గిన జట్టుకా? చాలా లీగులలో రెండవదానికే కిరీటం. కమిటీవారు లీగు చరిత్ర పుట చూచి, "మన మిత్రులు 2017లో ఛాంపియన్. అది వ్రాస్తే చాలును" అన్నారు. మిత్రులు ఆ మాట విని మౌనం వహించారు. రెండు రోజుల తరువాత తమ నోటుపుస్తకం తెచ్చి మా బల్లపై పెట్టారు. అట్టకు కాకీ కాగితం చుట్టి, లెడ్జరు వలె గీతలు గీసి, ముప్పది సీజన్ల ఫలితాలు వ్రాసిన పుస్తకం అది. పదునాలుగు పర్యాయాలు ప్లేఆఫ్‌లో ప్రవేశం. ఐదు పర్యాయాలు పట్టికలో అగ్రస్థానం. ఆ ఐదింటిలో ఒక్కసారి కూడా కప్పు రాలేదు. కప్పు వచ్చినది 2017లో, ఎనిమిది జట్లలో ఎనిమిదవదిగా అర్హత పొందిన సీజనులో.

ఇది ఎంత విడ్డూరమో అని మేము ఆశ్చర్యపడ్డాము. అయితే నిజమైన బేస్‌బాల్ చరిత్ర చూస్తే విడ్డూరమేమీ లేదు. 1903లో మొదటి వరల్డ్ సిరీస్ జరిగినది మొదలు 1968 వరకు రెండు లీగులలో ప్రథములైన రెండు జట్లే తలపడేవి. అయినా 1906లో 116 ఆటలు గెలిచిన చికాగో కబ్స్ జట్టు అదే నగరపు వైట్ సాక్స్ చేతిలో ఓడినది. 1969లో ప్లేఆఫ్‌కు మరొక అంచె చేరినది. 1995 నుండి పట్టికలో రెండవ స్థానంవారికి కూడా ద్వారం తెరిచారు. 2001లో సియాటిల్ జట్టు 162 ఆటలలో 116 గెలిచి పాత రికార్డును అందుకొని కూడా వరల్డ్ సిరీస్ ముఖం చూడలేదు. 2006లో కేవలం 83 ఆటలు గెలిచిన సెయింట్ లూయీ కార్డినల్స్ కప్పు ఎత్తినది. 2022 నుండి పన్నెండు జట్లు ప్లేఆఫ్‌కు వస్తున్నాయి. ద్వారాలు పెరిగినకొద్దీ ప్రథముడు పడిపోయే అవకాశాలూ పెరిగాయి.

మన తెలుగువారికి ఈ పాఠం అమెరికా వెళ్లి నేర్చుకోవలసిన పని లేదు. 2008లో ఐ.పి.ఎల్. ఆరంభమైనప్పుడు హైదరాబాదు జట్టు డెక్కన్ చార్జర్స్ ఎనిమిది జట్లలో ఎనిమిదవది. మరు సంవత్సరం దక్షిణాఫ్రికాలో జరిగిన పోటీలలో పదునాలుగు ఆటలకు ఏడు గెలిచి, నాల్గవ స్థానంలో సెమీఫైనలు చేరినది. పట్టికలో ప్రథములైన ఢిల్లీవారు పది గెలిచి ఉన్నారు. అయినా సెమీఫైనలులో గిల్‌క్రిస్ట్ 35 బంతులలో 85 పరుగులు చేయడంతో ఢిల్లీ కథ ముగిసినది. 2009 మే 24న జోహాన్నెస్‌బర్గులో బెంగళూరుపై ఆరు పరుగుల తేడాతో కప్పు హైదరాబాదుకు దక్కినది. నాడు మన క్వార్టర్సులో బాణాసంచా కాల్చినవారిలో ఒక్కరైనా, పదునాలుగు ఆటలలో ఢిల్లీయే మేలైన జట్టు గదా అని అన్నట్లు మాకు జ్ఞాపకం లేదు!

తొమ్మిది సంవత్సరాల తరువాత ఆ బాకీ తీరినది. 2018లో సన్‌రైజర్స్ పట్టికలో ప్రథములుగా నిలిచి, ప్లేఆఫ్‌లో చెన్నై చేతిలో ఒకసారి, మరల ఫైనలులో ఇంకొకసారి ఓడిపోయారు. నాడు మేమే "లీగు అంతా మనదే పైచేయి, కప్పు మాత్రం వాళ్లదా?" అని వాపోయాము. అంతకు రెండేళ్ల ముందు 2016లో మూడవ స్థానం నుండి వచ్చి కప్పు గెలిచినది ఇదే సన్‌రైజర్స్ అనే సంగతి అప్పుడు మాకు గుర్తు రాలేదు. గెలిచినప్పుడు ప్లేఆఫ్ న్యాయం, ఓడినప్పుడు పట్టిక న్యాయం. అభిమానికి ఎప్పుడూ రెండు తరాజులు.

ఐ.పి.ఎల్.వారు ఈ చిక్కును కొంత గమనించారు. 2011 నుండి మొదటి రెండు స్థానాలవారికి ఒక ఓటమి క్షమించే పద్ధతి ప్రవేశపెట్టారు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా ఫుట్‌బాల్ లీగులో 1931 నుండి అమలుపరచిన పేజ్ పద్ధతి అది. ప్రథమ ద్వితీయులు మొదట తలపడతారు, ఓడినవారికి మరొక అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాలవారికి మాత్రం ఓడితే ఇంటిదారే. సంవత్సరపు శ్రమకు ఇది కొంత వడ్డీ వంటిది. ఆ వడ్డీ ఉండి కూడా 2018లో మన జట్టుకు దక్కవలసినది దక్కలేదు.

ఇక లెక్క చూతము. ఒక జట్టు తన ప్రత్యర్థిపై పది ఆటలకు ఆరు గెలువగల బలం కలది అనుకుందాము. బేస్‌బాల్‌లో ఇది చాలా పెద్ద ఆధిక్యం. అటువంటి జట్టు ఐదు ఆటల పోటీలో నెగ్గే అవకాశం 68 శాతం, ఏడు ఆటల పోటీలో 71 శాతం. మిత్రుల లీగులో మొదటి అంచె ఐదు ఆటలు, తరువాతి రెండు అంచెలు ఏడేసి ఆటలు. మూడు అంచెలూ దాటే అవకాశం ఈ మూడింటి గుణకారం, అనగా 34 శాతం. నూటికి అరవై బలం ఉన్న జట్టు కూడా మూడింట ఒకసారి మాత్రమే కప్పు గెలుస్తుందన్న మాట! అటువంటి జట్టు ఐదు సీజన్లలో ఒక్కసారి కూడా గెలవకపోయే అవకాశం సుమారు 12 శాతం. ఎనిమిదిమంది మేనేజర్లలో ఒకరికి ఇట్లా జరుగుట సహజమే. జాతకం, శని వంటివాటి ప్రసక్తి లేదు.

ఈ లెక్క చూపినప్పుడు మిత్రులు నవ్వి, "లెక్క సరేనండి. కానీ అంతా అదృష్టం కాదు. తప్పు నాదీ ఉన్నది" అన్నారు. లీగులో రోజూ ఆట ఉంటుంది గనుక ఐదుగురు పిచ్చర్లూ ఓ మోస్తరు మంచివారైతే పట్టికలో పైకి వెళ్లవచ్చును. ప్లేఆఫ్‌లో మధ్య మధ్య విరామం దినాలు ఉంటాయి. అక్కడ ముగ్గురు చాలును, ఆ ముగ్గురూ మేటివారు కావలెను. మిత్రులు సంవత్సరాల తరబడి ఐదుగురు సామాన్యులను పోషించి పట్టికను గెలిచి, ముగ్గురు మేటివారున్న జట్ల చేతిలో ఓడారు. పట్టిక కొలిచేది నిలకడను, ప్లేఆఫ్ కొలిచేది శిఖరాన్ని. రెండూ గుణాలే, కానీ రెండూ ఒకటి కావు. మన ఉద్యోగాలలోనూ ఈ భేదం ఉన్నది. సంవత్సరమంతా స్టోర్సు లెక్కలు తప్పు లేకుండా నడిపిన గుమాస్తా వేరు, డిపార్టుమెంటు పరీక్ష నాడు మూడు గంటలలో మెరిసినవాడు వేరు. సంస్థకు ఇద్దరూ కావలెను. ఒకరి కొలతతో మరొకరిని కొలవరాదు.

ఇంతవరకు వచ్చేసరికి, ఫలకంపై ఏమి వ్రాయాలో మాకు తేలినదని అనుకున్నాము. "ఐదు పర్యాయాలు అగ్రస్థానం, ఒక పర్యాయం కప్పు" అని రెండూ వ్రాస్తే న్యాయం జరుగుతుంది. మిత్రులు మాత్రం నోటుపుస్తకంలోని 2017 పుట తెరచి చూపారు. కప్పు అన్న మాట పక్కన ఎర్ర సిరాతో ఒక చుక్క గుర్తు ఉన్నది. దాని వివరణ ఏ పుటలోనూ లేదు.

ఆ కథ వారి నోట విన్నది విన్నట్లు చెబుతాము. అంతకు నాలుగేళ్ల ముందు, 2013 సెమీఫైనలులో, మిత్రులు పట్టికలో ప్రథములు. అప్పట్లో మన ద్వీపాలకు బయటి ప్రపంచంతో సంబంధం ఉపగ్రహం ద్వారానే. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం వరకు సంకేతం పోయి రావలెను. ఉన్న కొద్దిపాటి దారిలోనే ద్వీపాలన్నీ సర్దుకోవలెను. ఆ వారం ఎడతెగని వాన. రెండు తెల్లవారుజాములు జాబితా వెళ్లలేదు. కంప్యూటరు పాత జాబితా తీసుకొని, ముందురోజు విసిరి అలసిన పిచ్చరునే మరల దింపినది. మిత్రులు ఓడారు. తప్పు ఎవరిదీ కాదు, వానది.

2017 ఫైనలులో వారి ప్రత్యర్థి ప్యూర్టోరికో ద్వీపవాసి. కరీబియన్ సముద్రంలోని ఆ ద్వీపంలో బేస్‌బాల్ అంటే మనకు క్రికెట్టు వంటిది. ఐదు ఆటలు ముగిసేసరికి ఆయన మూడు, మిత్రులు రెండు గెలిచి ఉన్నారు. సెప్టెంబరు 20న మరియా తుపాను ప్యూర్టోరికోను తాకినది. ద్వీపం మొత్తానికి విద్యుత్తు పోయినది. చివరి ఇండ్లకు దీపం రావడానికి దాదాపు పదకొండు నెలలు పట్టినదని తరువాత లోకం విన్నది. జాబితా ఎక్కడి నుండి వస్తుంది? లీగు నియమం ప్రకారం ప్రత్యర్థి అంగీకరిస్తే ఆట నిలుపవచ్చును. "ఆగుదామా?" అని కమిషనరు మిత్రులకు ఉత్తరం పంపారు. గడువు మరునాటి ఉదయం 6.30.

"ఉత్తరం చదివాను సార్. టీవీలో తుపాను కూడా చూశాను. రేపు జవాబు వ్రాద్దామనుకొని పడుకున్నాను. తెల్లవారి లేచి జవాబు వ్రాయలేదు. నా జాబితా మాత్రం పంపాను." మిత్రులు చెప్పినది ఇంతే.

మిగిలిన రెండు ఆటలూ మిత్రులు గెలిచారు. అవతలి పక్షాన అలసిన పిచ్చరే రెండు పర్యాయాలు విసిరాడు. లీగు చరిత్ర పుటలో అడవి పావురం పేరు ఎక్కినది. 2018 ఆరంభంలో ఎక్కడినుండో సంపర్కం దొరికి, ఆ ప్రత్యర్థి రెండు వాక్యాలు పంపాడు. కప్పు గెలిచినందుకు అభినందనలు అని ఒకటి, తమ వీధికి ఇంకా కరెంటు రాలేదని ఒకటి. ఆట సంగతి ఏమీ అడగలేదు. ఆనాడే మిత్రులు ఎర్ర చుక్క పెట్టారు.

మేము మొదట తేలికగా తీసుకున్నాము. "నియమం ఉల్లంఘించలేదు గదా! ఆట ఆగకపోతే అది కమిషనరు బాధ్యత. పైగా మీకు 2013లో జరిగినదే ఆయనకు జరిగినది. చెల్లుకు చెల్లు" అన్నాము.

"సార్, 2004 డిసెంబరు 26 తరువాత మీరూ ఇక్కడే ఉన్నారు గదా" అన్నారు మిత్రులు. "సునామీ వచ్చిన ఆ వారం దక్షిణ ద్వీపాలలోని మనవాళ్ల జాడ లేదు. ఫోన్లు మూగబోయాయి. ఆ రోజులలో హాజరుపట్టీ నా చేతిలో ఉండేది. నియమం ప్రకారం రానివారికి గైరుహాజరు వేయవచ్చును. ఆ గళ్లు ఖాళీగా ఉంచండి, వాళ్లు వచ్చాక నింపుదాము అని నాకు చెప్పినది మీరే."

మేము మాట్లాడలేకపోయాము. ఆ మాట మేము అన్నట్లు మాకు జ్ఞాపకమే లేదు. వారికి మాత్రం జ్ఞాపకం ఉన్నది.

ప్లేఆఫ్ చరిత్ర అనగా గెలిచినవారి పేర్ల జాబితా అని మేము ఇంతకాలం భావించాము. అది చాలదని ఇప్పుడు తోస్తున్నది. పొడవైన సీజనులో ఒక వాన, ఒక జ్వరం, ఒక తుపాను మిగిలిన ఆటలలో కలిసిపోతాయి. 162 ఆటలలో రెండు పోతే పట్టిక పెద్దగా కదలదు. ఏడు ఆటలలో రెండు పోతే కిరీటమే చేతులు మారుతుంది. అందుచేత పట్టిక తన కథ తానే చెప్పుకుంటుంది గాని, ప్లేఆఫ్ ఫలితానికి పక్కన ఒక గమనిక కావలెను. కప్పును వెనుకకు తీసుకోమని మేము అనడం లేదు. ఆడినది ఆడినట్లే, గెలిచినది గెలిచినట్లే. కానీ ఆ గెలుపు ఎట్లా వచ్చినదో పక్కన వ్రాసి ఉంచడం రికార్డు పట్ల మన ధర్మం. స్టాకు రిజిస్టరులో తేడా వస్తే అంకె చెరిపివేయము. ఎర్ర సిరాతో కారణం వ్రాసి సంతకం చేస్తాము. ఆటకు మాత్రం వేరే పద్ధతి ఎందుకు ఉండవలెను?

మిత్రులు గత నెలలో ఆ పని చేశారు. ముందుగా ప్యూర్టోరికో వాసికి జరిగినది జరిగినట్లు ఉత్తరం వ్రాశారు. తరువాత కమిషనరుకు వ్రాసి, 2017 ఫలితం కింద ఒక గమనిక చేర్చవలసినదిగా కోరారు. ఇప్పుడు జాబితా పంపడానికి సూర్యోదయం వరకు కాచుకొని కూర్చోవలసిన అవసరం లేదు. చెన్నై నుండి సముద్రగర్భం మీదుగా సుమారు 2,300 కిలోమీటర్ల కేబులు మన ద్వీపాలకు వచ్చి, 2020 ఆగస్టు 10న ప్రారంభమైనది. దానిని వేయించిన బి.ఎస్.ఎన్.ఎల్. కూడా మన వంటి ప్రభుత్వరంగ సంస్థయే గనుక, ఆ పేరు తలచుకొని మనమూ కొంత గర్వించవచ్చును. స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ కూడా ఆ కేబులుతో కలిశాయి. ఉత్తరం క్షణంలో వెళ్లినది. వ్రాయడానికి మాత్రం ఎనిమిది సంవత్సరాలు పట్టినది.

కమిషనరు గమనిక చేర్చారు. కప్పు మిత్రుల పేరనే ఉన్నది. ప్యూర్టోరికో నుండి జవాబు కూడా వచ్చినది. అందులో ఏమున్నదో మిత్రులు చెప్పలేదు, మేము అడగలేదు. ఆ సాయంత్రం వారు రెండు కప్పుల టీ తెప్పించి, ఒకటి మా వైపు జరిపి, వచ్చే సీజనుకు ఏ ముగ్గురు పిచ్చర్లను నమ్ముకోవాలో చాలాసేపు మాట్లాడారు. పదవీ విరమణ తరువాత స్వగ్రామం నుండి కూడా జట్టును నడుపుతారట.

ఫలకంపై చివరకు ఈ మాటలు వ్రాయించాము: "ముప్పది సీజన్లు ఆడినవారు. ఐదు పర్యాయాలు పట్టికలో ప్రథములు. ఒక పర్యాయం కప్పు." కప్పు అన్న మాట పక్కన, మిత్రుల కోరికపై, ఒక చిన్న చుక్క. ఫలకం వ్రాసిన చిత్రకారుడు దానిని అలంకారం అనుకొని బంగారు రంగు వేశాడు. దిద్దించమందురా అని అడిగితే మిత్రులు కొంతసేపు దానివైపు చూచి, "ఉండనీయండి సార్. చూచినవారు ఇదేమిటని అడుగుతారు, అప్పుడు చెబుతాను" అన్నారు.

పాఠక మిత్రులారా, మీ మీ విభాగాల విశ్రాంతి మందిరాలలోనూ గెలిచినవారి ఫలకాలు వ్రేలాడుతూ ఉంటాయి. వాటిలో ఏ పేరు పక్కనైనా చుక్క పెట్టవలసిన కథ ఉంటే, పేర్లు లేకుండా మాకు వ్రాసి పంపగోరుతున్నాము. అట్లాగే పట్టికలో ప్రథములై, కప్పు అందక, ఏ ఫలకంమీదా పేరు ఎక్కనివారి కథలు కూడా. వారి కథలకు ఈ శీర్షికలో ఎల్లప్పుడూ స్థానం ఉంటుంది.